కర్నూలులో కేసీ కెనాల్ చూడటానికి వెళ్లొచ్చా? ఎక్కడ చూడాలి?

వెళ్లొచ్చు. కానీ బోటింగు, పార్కు ఉంటాయనుకుంటే నిరాశే. కర్నూలు–కడప కాలువను 1860లలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్వింది. సాగుకే కాదు, సరుకుల పడవలు నడపడానికి కూడా. కంపెనీకి గిట్టుబాటు కాలేదు, 1882లో ప్రభుత్వమే కొనేసింది.

నన్నడిగితే ముందు కర్నూలులోనే హంద్రీ మీది అక్విడక్టు చూడండి. కింద నది, పైన కాలువ! హంద్రీ ఎండి రాళ్లు తేలినప్పుడు కూడా పైన తుంగభద్ర నీళ్లు నిండుగా పోతుంటాయి. కాలువ మొదలు చూడాలంటే సుంకేసుల బ్యారేజీకి వెళ్లాలి, దాదాపు 30 కిలోమీటర్లు. వానాకాలం పంటకు నీళ్లు వదిలాకే వెళ్లండి, ఎండాకాలం వెళ్తే చూసేది బురదే. గట్టు జారుతుంది, పిల్లలు జాగ్రత్త.