బెల్జియం స్ట్రాంగ్ బ్లాండ్ ఏల్ బాగుందో లేదో ఎట్ల తెలుస్తుంది?

అనంతపురంలో మనకు స్ట్రాంగ్ బీరంటే ఐసులా చల్లబెట్టి గటగటా తాగేదే, అట్ల తాగితే ఈ ఏల్‌లో (బంగారు రంగులో ఉండే ఒక రకం స్ట్రాంగ్ బీరు) ఏమీ తెలీదన్నా. బెంగళూరు నుంచి ఎవరైనా డువెల్ అనే బెల్జియం బీరు లాంటిది తెస్తే (8.5 శాతం ఆల్కహాల్, 330 మి.లీ. సీసా ఇద్దరికి చాలు) ఫ్రిజ్‌లోంచి తీసి పది నిమిషాలు ఆగండి, మన ఎండాకాలంలో ఐదు చాలు. పొట్ట వెడల్పు, మూతి సన్నం ఉండే గ్లాసులో మెల్లగా వంచి పోస్తే తెల్లటి నురుగు మందంగా నిలబడాల, తాగేకొద్దీ గ్లాసు గోడలకు అంటుకుంటా పోవాల. అడుగున మడ్డి ఈస్టే, భయం లేదు.

అసలు సంగతి వాసనలో ఉంది: మాగిన అరటిపండు, బేరిపండు, వెనకాల లవంగం, మిరియం ఘాటు. చానా మంది ఎసెన్స్ కలిపినారనుకుంటారు, కాదు, పులిసేటప్పుడు ఈస్ట్ పుట్టించేవే అవి. చక్కెర కూడా వేస్తారు గానీ ఈస్ట్ దాన్ని తినేస్తుంది కాబట్టి వాసన తియ్యగా ఉన్నా నోట్లో తేలిగ్గా, పొడిగా ముగియాల. జిగటగా తీపి మిగిలినా, స్పిరిట్ ముక్కుకి కొట్టినా నేను మార్కులు తగ్గిస్తా. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే మాత్రం అది పాతబడిన సీసా, బీరుని తిట్టొద్దు.