చేపలు బతికాయి, రొయ్యలు చచ్చిపోయాయి: మందు ఇచ్చిన షాపు మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం. ఇంట్లో రెండేళ్లుగా 250 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం నడుపుతున్నాను. మొన్న మే నెలలో రెండు క్లౌన్ చేపలకు ఒంటి మీద తెల్ల చుక్కలు వచ్చాయి. ఊళ్లోని ఒక అక్వేరియం షాపుకెళ్లి చెబితే, పెద్ద డబ్బాలోంచి నీలం రంగు మందు ఒక చిన్న సీసాలో పోసి ఇచ్చారు. సీసాకు లేబుల్ లేదు. "రెండు మూతలు పోయండి, తగ్గిపోతుంది" అన్నారు. పోశాను. చుక్కలు పోలేదని మర్నాడు ఇంకో రెండు మూతలు పోశాను. మూడో రోజుకు నాలుగు క్లీనర్ రొయ్యలు, హెర్మిట్ పీతలు, నత్తలన్నీ, ఒక అనిమోన్ (పువ్వులా కనిపించే సముద్ర జీవి) చచ్చిపోయాయి. చేపలకు ఏమీ కాలేదు. రొయ్యలు, నత్తలు అదే షాపులో బిల్లుతో కొన్నవే. అనిమోన్, రెండు రాతి పగడాల ముక్కలు బెంగళూరు నుంచి వాట్సాప్‌లో మాట్లాడి తెప్పించాను, వాటికి బిల్లు లేదు. పగడాలు కూడా తెల్లబడిపోయాయి. మొత్తం 26 వేలు పోయాయి. షాపాయనేమో "చేపలకు మందు అడిగారు, చేపలు బతికాయి కదా. మిగతావి మీ ఎండకో, మీ నీళ్లకో చచ్చుంటాయి" అంటున్నాడు. నాకు నష్టపరిహారం వస్తుందా?

జవాబు: కేసు వేయొచ్చు. మీ ఉత్తరం చదివినంతలో బలమైన కేసే. కానీ అవి ఎందుకు చచ్చిపోయాయో తేలకుండా పైసా రాదు. షాపాయన "ఎండ" అన్నాడంటే, రేపు వినియోగదారుల కమిషన్‌లో ఆయన వకీలు మొదలుపెట్టేది కూడా అక్కడి నుంచే. అందుకే సెక్షన్ల కంటే ముందు మీ ట్యాంకు సంగతి మాట్లాడతాను.

చేపలకు వచ్చే తెల్ల చుక్కల జబ్బు ఒక పరాన్నజీవి వల్ల వస్తుంది. కోస్తాలో రొయ్యల చెరువులను ఊడ్చేసే వైట్ స్పాట్ వైరస్‌కు, దీనికి సంబంధం లేదు. ఉప్పునీటి చేపల్లో దీనికి పాతకాలం నుంచీ వాడే మందు రాగి. మన చీనీ తోటల్లో బోర్డో మిశ్రమానికి సున్నంతో కలిపే మైలుతుత్తం గుర్తుంది కదా, అదే కాపర్ సల్ఫేట్. లీటరు నీటిలో 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల రాగి ఉంటే చేప తట్టుకుంటుంది, పరాన్నజీవి చస్తుంది. అదే నీటిలో రొయ్య, పీత, నత్త, అనిమోన్ బతకవు. రొయ్యల, పీతల రక్తంలో ఆక్సిజన్‌ను మోసే పదార్థంలోనే రాగి ఉంటుంది. అయినా ఆ అవసరం దాటి నీటిలో ఇంకాస్త చేరితే వాటికి విషమే. అందుకే తెలిసినవాళ్లు జబ్బు చేపను వేరే ట్యాంకులోకి మార్చి అక్కడ రాగి మందు వేస్తారు. అందరూ కలిసి ఉండే ట్యాంకులో పోయరు. ఈ ఒక్క మాట ఆ రోజు షాపులో చెప్పి ఉంటే మీ రొయ్యలు బతికి ఉండేవి. మీ కేసుకు ప్రాణం ఈ మాటే.

అయితే నీలంగా ఉంది కాబట్టి రాగే అని తేల్చేయకండి. అక్వేరియం షాపుల్లో మిథిలీన్ బ్లూ అని ఇంకో మందు ఉంటుంది, అదీ నీలమే. అది సిరాలా ముదురుగా ఉంటుంది, ట్యాంకు మూలల్లో ఉన్న సిలికాన్‌కు, చేతి వేళ్లకు మరక పడుతుంది. మైలుతుత్తం ద్రావణం లేత నీలం, మరక అంతగా పట్టదు. ఇప్పుడే వెళ్లి ట్యాంకు మూలలు చూడండి. ఆ మరక ఫొటో అయినా, మరక లేదన్న ఫొటో అయినా మీకు పనికొస్తుంది.

ఇక ఎండ సంగతి. మే నెలలో మన ఊళ్లో 40 డిగ్రీలు దాటుతుంది, ట్యాంకు నీళ్లు 25 దగ్గర ఉండాలి. కరెంటు పోయి నీళ్లు కాగితే ఆక్సిజన్ తగ్గుతుంది, అప్పుడు చేపలే ముందు పైకొచ్చి నోరు తెరుస్తాయి. మీ చేపలు తిండి తింటూ హాయిగా ఉన్నాయంటే ఎండ వాదన చాలావరకు వీగిపోతుంది. దోమల మందు పొగ అన్నా అంతే. ఆ మందుల్లో ఉండే పైరెథ్రాయిడ్లు రొయ్యలతో పాటు చేపలనూ చంపుతాయి, నత్తలే కాస్త తట్టుకుంటాయి. మీ దగ్గర జరిగింది దీనికి తలకిందులు. నాకు భయమున్నది ఒక్క ఉప్పు విషయంలోనే. ఎండకు నీళ్లు ఆవిరైపోతే ఉప్పు మిగిలిపోతుంది, గాఢత పెరుగుతుంది. తగ్గిన నీటికి బదులు మంచినీళ్లు కాకుండా మళ్లీ ఉప్పునీళ్లే పోసినా పెరుగుతుంది. ఉప్పు గాఢత ఒక్కసారిగా మారితే చేప ఓర్చుకుంటుంది కానీ రొయ్య, అనిమోన్ ఓర్చుకోలేవు. అంటే ఫలితం రాగి మందుకు దగ్గరగానే కనిపిస్తుంది. మీరు రిఫ్రాక్టోమీటర్‌తో (ఉప్పు గాఢత కొలిచే పరికరం) చూసి రాసిపెట్టుకున్న పుస్తకం ఉందా? అందులో ఆ వారం 1.025 దగ్గర (ఉప్పునీటి ట్యాంకుకు ఉండాల్సిన సాంద్రత) అంకెలు ఉంటే, ఆ పుస్తకం మీకు సాక్షి. లేకపోతే ఇవాళే కొలిచి ఫొటో తీయండి.

ఇంకో చిన్న విషయం, కానీ అడుగుతారు. నాలుగు రొయ్యలూ చచ్చాయని ఎలా తెలిసింది? రొయ్య పెరిగేటప్పుడు పైపెంకు వదిలేస్తుంది. తల, వీపు కలిసే చోట చీలి, మీసాలతో సహా అచ్చం రొయ్యలాగే అడుగున పడి ఉంటుంది. చేత్తో పట్టుకుంటే లోపల ఏమీ ఉండదు, గాజులాగా అవతలికి కనిపిస్తుంది. చచ్చిన రొయ్య అయితే ఒళ్లు పాలలా తెల్లబడి బరువుగా ఉంటుంది, గంటల్లో వాసన వస్తుంది. మీరు తీసిన ఫొటోలు ఈ రెండోదాన్ని చూపిస్తున్నాయో లేదో చూసుకోండి.

ట్యాంకు నీళ్లు మార్చేశారా? మార్చకపోతే దయచేసి ఆగండి. నీటిలోని మందును పీల్చేసే యాక్టివేటెడ్ కార్బన్ కూడా వేయకండి. నా దగ్గరకు ఇలాంటి కేసుతోనే ఒకాయన వచ్చాడు, ట్యాంకును కడిగి తళతళలాడించి మరీ వచ్చాడు. ఆయన బాధ నిజమే, చేతిలో మాత్రం ఏమీ మిగల్లేదు. ముందు ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు ఫోన్ చేసి, ఉప్పునీటిలో రాగిని కొలవగలరా అని అడగండి. తాగునీళ్లు పరీక్షించే ప్రతి ల్యాబూ ఉప్పునీటిని సరిగా పరీక్షించలేదు. వాళ్లిచ్చిన సీసాలోనే నీళ్లు పట్టండి. నీళ్లు ఇప్పటికే మార్చేసి ఉన్నా దిగులుపడకండి, రాగి రాళ్లకు, ఇసుకకు పట్టుకుని ఉండిపోతుంది. గుప్పెడు ఇసుక, ఒక చిన్న రాయి తీసి పెట్టండి. మందు సీసాలో అడుగున నాలుగు చుక్కలున్నా అది బంగారమే. కడగొద్దు, మూత బిగించి, పైన తేదీ రాసి పెట్టండి.

సీసా పారేశారనుకుందాం, అప్పుడేంటి? మన రాష్ట్రపు విత్తన రైతులు గెలిచిన కేసు ఒకటుంది. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఏమందంటే, రైతు విత్తనాలన్నీ చల్లేస్తాడు, పరీక్షకని కొంత దాచుకుంటాడని ఆశించలేం, ల్యాబ్ రిపోర్టు లేదన్న ఒక్క కారణంతో అతని కేసు పోదు అని. మందంతా ట్యాంకులో పోసిన మీకూ ఆ వాదన పనికొస్తుంది. ల్యాబ్ రిపోర్టు ఉంటే మేలు, లేకపోయినా దారి మూసుకుపోదు.

ఇప్పుడు చట్టం. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సెక్షన్ 86 అమ్మకందారుడి బాధ్యత గురించి చెబుతుంది. మామూలుగా వస్తువులో లోపం ఉంటే తయారీదారుడు జవాబు చెప్పాలి. కానీ తయారీదారుడు ఎవరో తెలియకపోతే అమ్మినవాడే జవాబు చెప్పాలి. తయారీదారుడు రాసిన హెచ్చరికలను కొనేవాడికి అందించకపోయినా, దానివల్లే నష్టం జరిగితే, అమ్మినవాడే చెప్పాలి. మీ కేసులో ఈ రెండూ ఉన్నాయి. పెద్ద డబ్బా మీద కంపెనీ పేరు, హెచ్చరిక ఉండి ఉంటే అవి చిన్న సీసాలోకి రాలేదు. డబ్బా మీద కూడా ఏమీ లేకపోతే అది ఆయనకే ఇంకా ఇబ్బంది. నోటీసులోనే "ఆ డబ్బా ఏ కంపెనీది, దాని మీద ఏముంది, ఫొటో పంపండి" అని అడగండి.

"మీ ట్యాంకులో రొయ్యలున్నాయని నాకెలా తెలుసు?" అని ఆయన అనొచ్చు. ఆ రొయ్యలు, నత్తలు అమ్మిందే ఆయన. ఆ బిల్లు ఆయన చేతిరాతే అయితే ఇంక చెప్పేదేముంది.

లేబుల్ లేని సీసా అమ్మడమే నేరం కదా అని కొందరు మీకు చెబుతారు. మీ ఎదురుగా పోసిచ్చారు కాబట్టి అది విడి అమ్మకం, ప్యాకేజ్డ్ సరుకుల నిబంధనలు దానికి నేరుగా వర్తించవు. షెల్ఫ్ మీద అలాంటి సీసాలు ముందే నింపి పెట్టి ఉంటే మాత్రం తూనికలు కొలతల శాఖకు చెప్పొచ్చు. మీ కేసుకు దాని అవసరం లేదు.

మీ వైపు ఉన్న బలహీనత కూడా చెప్పాలి. మర్నాడు షాపును అడగకుండా ఇంకో రెండు మూతలు పోశారు. వస్తువును తప్పుగా వాడితే అమ్మకందారుడికి బాధ్యత లేదని సెక్షన్ 87 అంటుంది, అవతలి వకీలు దాన్ని తప్పకుండా పట్టుకుంటాడు. లేబులే లేనప్పుడు సరైన మోతాదు ఏదో మీకెలా తెలుస్తుందన్నది మన జవాబు. మంచి జవాబే, కానీ పరిహారం కొంత తగ్గొచ్చని మనసులో పెట్టుకోండి. ఆ రెండో డోసు విషయం మాత్రం దాచొద్దు. అఫిడవిట్‌లో మీరే రాయండి. తర్వాత బయటపడితే మిగతా నిజాలన్నీ అబద్ధాల్లా కనిపిస్తాయి.

ఇప్పుడు మీరు అడగని విషయం, నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే టెన్షన్ పెట్టింది. ఆ రాతి పగడాలు. గట్టి అస్థిపంజరం ఉండే పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. పులి ఉన్న షెడ్యూల్ అది. సముద్ర దోసకాయలు, సీ ఫ్యాన్‌లు కూడా అందులోవే. వాటిని పట్టడం, అమ్మడం, కొనడం, దగ్గర ఉంచుకోవడం నేరం, చచ్చిన ముక్కైనా సరే. శిక్ష 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25 వేల జరిమానా. విదేశాల నుంచి చట్టబద్ధంగా వచ్చిన పగడాలే అని అమ్మినాయన చెప్పి ఉంటే దానికి దిగుమతి కాగితాలు ఉండాలి, 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి. వాట్సాప్‌లో బిల్లు లేకుండా వచ్చినదానికి ఇవేవీ ఉండవనే అనుకుంటున్నాను. మీకు తెలియక కొన్నారన్నది నేను నమ్ముతాను. చట్టం ముందు తెలియకపోవడం రక్షణ కాదు. పగడాల విలువను పరిహారంలో అడగొద్దు, ఆ డబ్బు ఏ కమిషనూ ఇప్పించదు. అలాగని అవి లేనట్టు ప్రమాణపత్రంలో అబద్ధం కూడా రాయొద్దు. కేసు వేయడానికి ముందు ఒక లాయర్‌ను నేరుగా కలిసి ఈ ఒక్క విషయం విప్పి చెప్పండి. లాయర్‌తో మీరు మాట్లాడేది బయటకు రాకుండా చట్టం కాపాడుతుంది, ఉత్తరంలో రాస్తే ఆ రక్షణ ఉండదు. ఆ బెంగళూరు అమ్మకందారుడి దగ్గర ఇంకేమీ కొనకండి. అనిమోన్ ధర అడగాలంటే యూపీఐలో డబ్బు పంపిన వివరం, వాట్సాప్ మాటలు చూపించాలి. ఫోన్‌లోని మాటలకు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేస్తే ఎవరూ వంక పెట్టలేరు.

పని మొదలుపెట్టడం పెద్ద కష్టం కాదు. షాపుకు 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. చట్టప్రకారం తప్పనిసరి కాకపోయినా చాలా గొడవలు అక్కడే తెగిపోతాయి. ముందు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు కూడా చెప్పొచ్చు. తేలకపోతే అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. షాపు వేరే ఊళ్లో ఉన్నా, మీరుండే జిల్లాలోనే వేసుకునే హక్కు 2019 చట్టం ఇచ్చింది. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. అవతలివాళ్లు 30 రోజుల్లో, ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో జవాబు వేయాలి, ఆ తర్వాత వేయడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2020లోనే తేల్చింది. కమిషన్ తానే శాంపిల్‌ను సీల్ చేసి ల్యాబ్‌కు పంపాలనుకుంటే ఆ ఖర్చు ముందు మీరు కట్టాలి. కొన్న జీవుల ధర, మందు ధర, ల్యాబ్ ఖర్చు, మనోవేదనకు కొంత, కేసు ఖర్చులు అడగండి. 26 వేల నష్టానికి 10 లక్షలు అడిగితే మీ మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది.

ఘటన జరిగినప్పటి నుంచి రెండేళ్ల లోపు ఫిర్యాదు వేయాలి, కాబట్టి గడువు గురించి కంగారు అక్కర్లేదు. కంగారు పడాల్సింది ఆ సీసా గురించి. శాంపిళ్లు తీసేదాకా ట్యాంకును ముట్టుకోకండి, తీశాక చేపల కోసం నీళ్లు మార్చుకోండి. ఆ రాళ్లు, ఆ ఇసుక ఉన్నంతకాలం ఆ ట్యాంకులో కొత్త రొయ్యను మాత్రం వదలకండి.