పక్కన టవర్లు వస్తుంటే కాలనీవాళ్లు ఏం చేయాలి?

మీ కాలనీ పక్కన చెరువు నాలాను ఆనుకుని టవర్లు కడుతున్నారని, సంతకాలు పెట్టి ఇచ్చిన కాగితానికి జవాబే లేదని రాశారు కదండీ. ఆ టెన్షన్ అర్థమవుతోంది. కానీ "ట్రాఫిక్ పెరుగుతుంది, గాలి రాదు" అంటే ఎవరూ కదలరు. రూల్ ఎక్కడ తప్పారో చూపించాలి.

ముందు రెరా (రియల్ ఎస్టేట్ ప్రాజెక్టుల నియంత్రణ సంస్థ) వెబ్‌సైట్‌లో ఆ ప్రాజెక్ట్ పేరు కొట్టి ప్లాన్ దించుకోండి. అందులో నాలా గీత ఎక్కడుందో చూడండి. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. పది మీటర్ల లోపు వెడల్పున్న నాలాకైతే 2 మీటర్లే, అందుకే అక్కడ టేపు పెట్టి కొలిచి ఫొటోలు తీయండి. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైట్‌లోని ఎఫ్‌టీఎల్ మ్యాపు ప్రింటు మీ ఫిర్యాదుకు జత చేయండి.

మంజూరైన ప్లాన్, ఇరిగేషన్ శాఖ ఇచ్చిన ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కాపీలకు 10 రూపాయలతో ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు వేయండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

కట్టే మొత్తం విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటితే పర్యావరణ అనుమతి కావాలి. దాన్ని చెన్నైలోని గ్రీన్ ట్రిబ్యునల్‌లో (పర్యావరణ కేసులు చూసే కోర్టు) సవాలు చేయడానికి గడువు 30 రోజులే, తగిన కారణం చూపితే మరో 60. కాబట్టి ఆ అనుమతి తేదీ ఈరోజే చూసుకోండి.