బోరు స్టార్టరు డబ్బాకు ఏ షీటు? మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు.

బోరు మోటారుకు సెల్‌ఫోనుతో నడిచే స్టార్టరు తయారు చేస్తున్నావనీ, దాని డబ్బాకు అక్రిలిక్ ప్లాస్టిక్ షీటు తీసుకోవాలో లెక్సాన్, అంటే పాలికార్బొనేట్ షీటు, తీసుకోవాలో తేలడం లేదనీ రాశావు. రెండింటిలో ఏది గట్టిదని వెతికితే తేలదు తల్లీ. షీటు కోసి చేసిన డబ్బాలు దెబ్బ తగిలి పగలడం తక్కువ. స్క్రూ రంధ్రం పక్కన వెంట్రుకంత చీలిక పుడుతుంది, నెల రోజుల్లో అది అంచుదాకా పాకుతుంది, మూత చేతికొస్తుంది. ఎక్కువ డబ్బాలు పోయేది అలాగే. ఆ చీలిక ఎందుకొస్తుందో అర్థమైతే ఏ షీటు కొనాలో, దాన్ని ఎలా కోసి ఎలా బిగించాలో కూడా అర్థమవుతుంది.

ముందు రేకు డబ్బా సంగతి. మూసిన రేకు డబ్బాలో సిమ్ ఉన్న బోర్డు పెడితే సిగ్నల్ అందదు, యాంటెన్నా బయటికి తీయాల్సి వస్తుంది. నువ్వు ప్లాస్టిక్ అనుకోవడానికి అదొక్కటే చాలు. ఇరవై ముప్పై డబ్బాలకైతే షీటు కోసి చేసుకోవడమే మేలు. వందల్లోకి వెళ్తే మాత్రం షీటు మాట మానేసి అచ్చుపోసిన డబ్బా కొని రంధ్రాలు వేసుకో.

ఇక నీ డబ్బా ఉండేది పొలంలో, మే నెల ఎండలో. లోపల 415 వోల్టుల త్రీ ఫేజ్. కాబట్టి షీటును అడగాల్సిన మొదటి ప్రశ్న బలం గురించి కాదు, నిప్పు గురించి. కాంటాక్టరు (మోటారుకు కరెంటు కలిపి తీసే స్విచ్చి) దగ్గర ఒక వైరు వదులై కాలితే షీటు అంటుకుని మండుతుందా, మంట తీసేయగానే దానంతటదే ఆరిపోతుందా? దీనికి యూఎల్ 94 అనే కొలమానం ఉంది, అందులో ప్లాస్టిక్‌లకు హెచ్‌బీ, వి-2, వి-0 లాంటి రేటింగులు ఇస్తారు. హెచ్‌బీ అంటే నెమ్మదిగానైనా మండుతూ పోయేది. వి-2 ఆరిపోతుంది కానీ మండే చుక్కలు కింద పడొచ్చు. వి-0 పది సెకన్లలోపు ఆరాలి, మండే చుక్కలు రాలకూడదు. మామూలు అక్రిలిక్, మామూలు ఏబీఎస్ ప్లాస్టిక్, పీపీ (పాలీప్రొపిలీన్) ఇవన్నీ హెచ్‌బీ కిందికొస్తాయి. మామూలు పాలికార్బొనేట్ సాధారణంగా వి-2. గట్టి పీవీసీ, మంట తట్టుకునే రకం పాలికార్బొనేట్, అదే రకం ఏబీఎస్ వి-0లో దొరుకుతాయి. ఒక మెలిక గుర్తుంచుకో: ఈ రేటింగు మందాన్ని బట్టి మారుతుంది. 3 ఎంఎం దగ్గర వి-0 వచ్చిన షీటు 1.5 ఎంఎం దగ్గర రాకపోవచ్చు. డేటా షీటు (కంపెనీ ఇచ్చే వివరాల కాగితం) అడిగినప్పుడు నువ్వు కొనే మందానికి ఎదురుగా ఏం రాసుందో చూడు. కరెంటు ఉన్న డబ్బా ఒంటికి అక్రిలిక్ వద్దనేది ఇందుకే. మీటరు కనబడే చిన్న కిటికీకి వాడుకోవచ్చు, అంతవరకే.

వి-0 ఉంది కదా, చవక కూడా కదా అని పీవీసీ మీదికి మనసు పోతుంది. నీడలో, ఇంటి లోపల పెట్టే డబ్బాకు అది మంచి షీటే. ఎండలో మాత్రం వద్దు. పీవీసీని 60 డిగ్రీలు దాటి వాడకూడదు. మన దగ్గర 45 డిగ్రీల ఎండలో ముదురు రంగు డబ్బా ఒళ్లు ఆ 60ని సులువుగా దాటేస్తుంది. అప్పుడు మూత మధ్యలో సొట్టపడి గ్యాస్కెట్‌ను (నీళ్లు దిగకుండా మూత కింద పెట్టే మెత్తటి పట్టీని) వదిలేస్తుంది, తొలకరి వానకే నీళ్లు లోపలికి దిగుతాయి. ఇంకో మాట, ఇది ప్రాణం మీదికొచ్చే సంగతి: పీవీసీని లేజర్ మీద పెట్టకూడదు. హైడ్రోజన్ క్లోరైడ్ పొగ వస్తుంది, అది ఊపిరితిత్తులనూ తినేస్తుంది, మిషన్నూ తినేస్తుంది. కోసే కుర్రాడికి షీటు పేరు చెప్పకుండా ఇవ్వకు.

అందుకని నీ పనికి నేను చెప్పేది మంట తట్టుకునే పాలికార్బొనేట్, 4 ఎంఎం, తెలుపో లేత బూడిద రంగో. లెక్సాన్ అనేది ఒక బ్రాండు పేరు. బజారులో పాలికార్బొనేట్ ఏదైనా లెక్సానే అంటారు, కాబట్టి బిల్లు మీద గ్రేడు నంబరు రాయించుకో. మామూలు పాలికార్బొనేట్ ఎండకు పసుపెక్కి పెళుసవుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే యూవీ పూత ఉన్నది తీసుకుంటే ఆ పూత తరచు ఒక వైపే ఉంటుంది, ఏ వైపో పైనున్న ఫిల్ము మీద అచ్చేసి ఉంటుంది. ఫిల్ము పీకాక రెండు వైపులూ ఒకేలా కనిపిస్తాయి. అందుకని పీకేముందే బయటి వైపు ఒక మూల చిన్న టేపు ముక్క అంటించు. యూవీ పూత, వి-0 రెండూ ఒకే షీటులో దొరక్కపోతే వి-0ను వదులుకోకు. ఎండ సంగతి డబ్బా మీద రెండు అంగుళాలు ఎడంగా వంచిన రేకు గొడుగు చూసుకుంటుంది. ఎలాగైనా ఆ గొడుగు పెట్టు, లోపలి వేడి చాలా తగ్గుతుంది.

4 ఎంఎం ఎందుకంటావా? షీటు వంగకుండా నిలిచే బిగువు మందపు ఘనంతో (మందం × మందం × మందం) పెరుగుతుంది. 3 నుంచి 4 ఎంఎంకు వెళ్తే ధర మూడో వంతు పెరిగితే బిగువు రెండుంపావు రెట్లకు పైగా పెరుగుతుంది. 1 ఎంఎం ఉక్కు రేకుకున్న బిగువు పాలికార్బొనేట్‌లో రావాలంటే దాదాపు నాలుగున్నర ఎంఎం కావాలి. నీ మూత 400 ఎంఎం పొడవు అన్నావు. 3 ఎంఎం అయితే రెండు స్క్రూల మధ్య ఉబ్బి గ్యాస్కెట్ మీద ఒత్తిడి పోతుంది.

ఇప్పుడు ఆ రంధ్రం దగ్గరికి వద్దాం. ప్లాస్టిక్ వేడికి చాలా సాగుతుంది. పాలికార్బొనేట్ మీటరుకు ఒక డిగ్రీకి 0.07 ఎంఎం సాగితే ఇనుము 0.012 సాగుతుంది. నీ మూతను ఇనుప చట్రం మీద బిగించావనుకో. చలికాలం తెల్లవారుజామున 15 డిగ్రీలు, ఎండాకాలం మధ్యాహ్నం 60. తేడా 45 డిగ్రీలు. లెక్కేస్తే మూతకూ చట్రానికీ మధ్య తేడా 1 ఎంఎం దాటుతుంది. 4 ఎంఎం స్క్రూకు 4.2 ఎంఎం రంధ్రం వేస్తే ఆ 1 ఎంఎం ఎక్కడికి పోవాలి? రంధ్రం అంచును నొక్కుతుంది. రోజూ నొక్కుతుంది, రోజూ వదులుతుంది. అందుకని మధ్యలో ఒక్క రంధ్రం సరిగ్గా వేసి, మిగతావన్నీ 6 ఎంఎం వెయ్యి. పైన 12 ఎంఎం వెడల్పు వాషరు, దాని కింద పల్చటి రబ్బరు వాషరు. రంధ్రం మధ్య బిందువు నుంచి షీటు అంచుకు కనీసం 12 ఎంఎం ఉండాలి. తల లోపలికి కూర్చునే సీఎస్‌కే స్క్రూ అస్సలు వద్దు. దాని కోను తల చెక్కలో మేకు దిగినట్టు ప్లాస్టిక్‌ను లోపలి నుంచి చీలుస్తుంది. చదును అడుగున్న పాన్ హెడ్ వాడు. పవర్ డ్రిల్లుతో బిగించకు. చేత్తో స్క్రూడ్రైవరు తిప్పు, రబ్బరు కాస్త నలిగినట్టు కనిపించగానే ఆపు.

లాగుడు, అంటే బిగింపు వల్లో వంపు వల్లో షీటులో మిగిలిన ఒత్తిడి, ఉన్న చోటికి రసాయనం చేరిందంటే చీలిక అక్కడే పుడుతుంది. షీటు ఒంటరిగా లాగుడునీ తట్టుకుంటుంది, ఒంటరిగా రసాయనాన్నీ చాలావరకు తట్టుకుంటుంది. రెండూ కలిస్తే గంటల్లో పోతుంది. స్క్రూ వదులు కాకుండా మర మీద చుక్క వేసే ఆ థ్రెడ్ లాకర్ ఉంది చూడు, అది పాలికార్బొనేట్‌కూ, అక్రిలిక్‌కూ, ఏబీఎస్‌కూ శత్రువు. దాని బదులు నైలాన్ రింగున్న నట్టు వాడు. డ్రిల్ చేసేటప్పుడు కటింగ్ ఆయిల్ వద్దు, గాలి ఊదు లేదా మంచినీళ్లు చాలు. పెట్రోలు, థిన్నరు, ఎసిటోన్ దగ్గరికి రానీయకు. తుడవడానికి సబ్బు నీళ్లు, మెత్తటి గుడ్డ. గ్యాస్కెట్ మెత్తటి పీవీసీది తీసుకోకు, అందులోని నూనె మెల్లగా షీటులోకి దిగి చీలుస్తుంది. ఈపీడీఎం రబ్బరుది కానీ సిలికాన్‌ది కానీ తీసుకో. ట్యూబులోంచి పిండే సిలికాన్ వాడితే వెనిగర్ వాసన వచ్చేది కాకుండా న్యూట్రల్ క్యూర్ అని రాసున్నది అడుగు. ఆ వెనిగర్ రకం నీ బోర్డు మీది రాగినీ కిలుం పట్టిస్తుంది.

కిటికీకి అక్రిలిక్ వాడతానంటే కాస్ట్ షీటు (అచ్చులో పోసి చేసినది) అడుగు, ఎక్స్‌ట్రూడెడ్ (మిషన్‌లోంచి నొక్కి తీసినది) వద్దు. లేజర్ కోసిన అంచు గాజులా మెరుస్తుంది, చూడ్డానికి బాగుంటుంది, కానీ ఆ అంచులో లాగుడు దాగి ఉంటుంది. దాన్ని స్పిరిటుతో తుడిస్తే కళ్ల ముందే సాలెగూడు లాంటి సన్న గీతలు లేస్తాయి. ఫిల్ము తీసి, 80 డిగ్రీల దగ్గర మూడు నాలుగు గంటలు ఓవెన్‌లో ఉంచి, ఓవెన్‌లోనే చల్లారనిస్తే ఆ లాగుడు చాలావరకు పోతుంది. మందం కూడా నమ్మకు. కాస్ట్ షీటులో 3 ఎంఎం అన్నది అర ఎంఎం అటూ ఇటూ ఉండటం మామూలే. గాడిలో దూర్చే కిటికీ అయితే కాలిపర్‌తో నాలుగు మూలలా కొలిచాకే డ్రాయింగు గీయి. రంధ్రానికి కొత్త డ్రిల్ బిట్టు వాడకు. ఇనుముకు పదును పెట్టిన బిట్టు అక్రిలిక్‌ను గోకకుండా పట్టి లాగుతుంది, అవతలి వైపు బయటపడేటప్పుడు పెచ్చు లేపుతుంది. బిట్టు పెదవి పదునును రాయి మీద కొద్దిగా చదును చేసి, షీటు కింద చెక్క పెట్టి, చివర్లో చెయ్యి తేలిక చెయ్యి.

వంపుల గురించి కొంచెమే చెబుతాను, నీ డబ్బాకు రెండు వంపులే ఉన్నాయి కాబట్టి. పాలికార్బొనేట్‌ను రేకులా చల్లగానే బెండింగ్ మిషన్ మీద వంచొచ్చు, కానీ ఆ వంపులో లాగుడు మిగిలిపోతుంది, అక్కడ రంధ్రం పెట్టకు. హీటర్ తీగ మీద వంచడం నయం. షీటంతా ఓవెన్‌లో వేడిచేసి అచ్చు మీద దించాలంటే మాత్రం ముందు 120 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఆరబెట్టాలి. లేకపోతే అది పీల్చుకున్న తేమ ఆవిరై షీటు నిండా బుడగలు లేస్తాయి.

లోపల కాంటాక్టరు, రిలే బిగించే పలక వేరు. దానికి హైలం షీటు (రెసిన్‌తో పొరలు కలిపి చేసిన గట్టి పలక) వాడే అలవాటు ఉంది. వేడికి మెత్తబడదు, మర బాగా పడుతుంది. కానీ కోసిన అంచుల నుంచి తేమ తాగుతుంది, కాబట్టి అంచులకు ఇన్సులేటింగ్ వార్నిష్ రెండు పూతలు వెయ్యి. గ్లాస్ ఎపాక్సీ దొరికితే అదే వెయ్యి, ఈ బాధ ఉండదు.

ప్లాస్టిక్ డబ్బాకు ఎర్త్ అక్కర్లేదనుకుని వదిలేయకు. ఇనుప చట్రం, లోహపు గ్లాండ్లు (వైరు డబ్బాలోకి దూరే చోట బిగించే బిరడాలు), బయటికి కనిపించే ప్రతి లోహపు ముక్కా ఎర్త్‌కు కలవాలి. రేకు డబ్బాలో గ్లాండు డబ్బా ద్వారా ఎర్త్ అవుతుంది, ఇక్కడ అలా కాదు. వీలైతే ప్లాస్టిక్ గ్లాండ్లే వాడు. అన్నీ అడుగు నుంచే రావాలి. పగటి వేడికి లోపలి గాలి బయటికి పోయి, రాత్రి చల్లబడ్డాక తేమ గాలి లోపలికి పీలుస్తుంది. ఎంత బిగించినా ఇది ఆగదు. అందుకని అడుగున 4 ఎంఎం రంధ్రం వేసి, సన్నటి స్టీలు జాలీ అంటించు. జాలీ లేకపోతే చీమలూ బల్లిపిల్లలూ వస్తాయి, కాంటాక్టరు మధ్య బల్లి ఇరుక్కుంటే ఫేజులు కలిసిపోతాయి.

షీటు కొనేటప్పుడు 8×4 అడుగులది ఒకటి కొని అన్ని డబ్బాలూ అందులోంచే కోయి. ముక్కలు ముక్కలుగా రెండు షాపుల్లో కొంటే మందాలు కలవవు. పేరు మీద అనుమానం ఉంటే ఓ చిన్న ముక్క అడిగి తెచ్చుకో. పట్టుకారుతో వంచితే టక్కున విరిగేది అక్రిలిక్, మడత పడినా విరగనిది పాలికార్బొనేట్. నీళ్లలో తేలితే పీపీనో హెచ్‌డీపీఈనో. ఆరుబయట రాగి తీగను ఎర్రగా కాల్చి, ముక్కకు తాకించి మళ్లీ మంటలో పెట్టు. మంట ఆకుపచ్చగా మారితే పీవీసీ.

మొత్తం షీటు కోసే ముందు ఒక పని చెయ్యి. మిగిలిన ముక్కల్లోంచి చేతి వెడల్పు పట్టీలు నాలుగు తీసి, నువ్వు వాడబోయే స్క్రూ, వాషరు, గ్యాస్కెట్‌తోనే ఇనుప పట్టీకి బిగించు. రెండింటిని డాబా మీద ఎండలో పెట్టు, రెండింటిని ఇంట్లో ఉంచు. వైరు పైపొర కూడా మెత్తటి పీవీసీయే కాబట్టి, ఒక్కోదానికి నీ పీవీసీ వైరు ముక్క ఒకటి ఆనించి కట్టు. పదిహేను రోజులకొకసారి వెలుతురుకు ఎత్తి పట్టుకుని, రంధ్రం చుట్టూ భూతద్దంతో చూడు. వెండి దారంలా మెరిసే సన్న గీత కనిపిస్తే అది ఏ వైపు నుంచి మొదలైందో, వాషరు కిందనా, వైరు తాకిన చోటా అని రాసిపెట్టుకుని నాకు ఫొటో పంపు.

ఇట్లు,
మామయ్య