అన్నం తగ్గిస్తే పీచు ఎలా?

ప్రశ్న: మధుమేహం వల్ల అన్నం బాగా తగ్గించి గుడ్లు, పనీర్, చికెన్ తింటున్నాను. నెల రోజులుగా మలబద్ధకం బాధిస్తోంది. పీచు కోసం మళ్లీ అన్నం పెంచాలా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: అక్కర్లేదండీ. పాలిష్ పట్టిన తెల్ల బియ్యంలో పీచు చాలా స్వల్పం. అన్నం తగ్గినప్పుడు దానితో కలుపుకునే పప్పు, కూర, ఆకుకూర కూడా మీ కంచంలోంచి తప్పుకున్నాయి, అసలు లోటు అక్కడే ఉంది. గుడ్డులో, మాంసంలో, పనీర్‌లో పీచు దాదాపు ఉండదు. రోజుకు 2000 కేలరీల ఆహారం తీసుకునేవారికి సుమారు 30 గ్రాముల పీచు అవసరం. గోరుచిక్కుడు, బెండ, తోటకూర, గోంగూర వంటివి రెండు పూటలా కప్పు నిండా, కూరనే ప్రధాన భోజనంగా భావించి తినండి. గోరుచిక్కుడును నేను ప్రత్యేకంగా సూచిస్తాను, ఎందుకంటే దానిలో పీచు ఎక్కువ, పిండిపదార్థం తక్కువ. చెంచాడు అవిసె గింజల పొడిని మజ్జిగలో కలుపుకోవచ్చు. పీచును ఒక్కసారిగా కాక, రెండు మూడు వారాల్లో క్రమంగా పెంచండి. నీళ్లు తగినంత తాగకపోతే ఉబ్బరం, మలబద్ధకం ఇంకా పెరుగుతాయి. మధుమేహానికి మందులు వాడుతుంటే, అన్నం తగ్గించారు గనుక, చక్కెర మరీ పడిపోకుండా మోతాదు గురించి మీ వైద్యుణ్ని తప్పక అడగండి. మలంలో రక్తం కనిపిస్తే ఆలస్యం చేయకండి.