హాల్లో కోవ్ లైటింగ్: స్ట్రిప్ కన్నా ముందు గాడి సంగతి

ప్రశ్న: మా హాలు 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు. ఫాల్స్ సీలింగ్ పని మొదలుపెట్టబోతున్నాం. లైటు కనపడకుండా వెలుగు మాత్రం వచ్చేలా పెట్టించాలని నా కోరిక. రంగులు మారేవి కావాలని మా అబ్బాయి, తెల్లవి చాలని మావారు. ఏవి తీసుకోవాలి? ట్యూబులైటు తీసేయొచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: పని మొదలవక ముందే అడిగినందుకు నాకు చాలా సంతోషంగా ఉందండీ. సీలింగ్ మూసేశాక అడిగేవాళ్లకు నేను పెద్దగా సాయం చేయలేకపోతున్నాను.

మీరు అడిగేదాన్నే కోవ్ లైటింగ్ అంటారు: ఫాల్స్ సీలింగ్ అంచున గాడి కట్టి, అందులో పట్టీలాంటి ఎల్‌ఈడీ స్ట్రిప్‌ను దాచి, వెలుగును పైకప్పు మీదకు పంపడం. ఇందులో అసలు విషయం స్ట్రిప్ కూర్చునే గాడి. స్ట్రిప్‌కీ పైకప్పుకీ మధ్య సందు కనీసం 4 అంగుళాలు ఉండాలి, 6 ఉంటే ఇంకా మంచిది. సందు ఇరుకైతే గోడ పక్కన ఒక తెల్లగీత మెరుస్తుంది, మధ్యకు వెలుగు రాదు. పైగా రేపు స్ట్రిప్ మార్చాలంటే చెయ్యి దూరాలి కదా! గాడి అంచు స్ట్రిప్‌ను దాచేంత ఉంటే చాలు. మరీ ఎత్తుగా కడితే కప్పు మీద నీడ గీత పడుతుంది. గాడికి పెయింట్ వేయకముందే మీటరు స్ట్రిప్ వెలిగించి పెట్టమని మేస్త్రీకి చెప్పండి. రాత్రిపూట మిగతా లైట్లన్నీ ఆర్పేసి, సోఫా ఉండే చోట కూర్చుని చూడండి. తప్పు ఉంటే అక్కడే దొరుకుతుంది.

పైకప్పుకు మెరుపు లేని తెల్ల పెయింటే వేయించండి. మెరిసే పెయింటులో స్ట్రిప్ ప్రతిబింబం కనిపిస్తుంది. పక్కనుంచి పడే వెలుగులో పుట్టీ ఎగుడుదిగుళ్లన్నీ బయటపడతాయి కాబట్టి ఫినిషింగ్ దగ్గర రాజీపడకండి.

స్ట్రిప్ విషయానికొస్తే, చుక్కలు కనిపించని సీఓబీ రకం, 3000 కెల్విన్ వార్మ్ వైట్ (కొంచెం పసుపు కలిసిన తెలుపు), సీఆర్ఐ (వస్తువుల రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 పైన ఉన్నది తీసుకోండి. రోల్స్ అన్నీ ఒకే బ్యాచ్‌వి కావాలి. లేకపోతే ఒక గోడ పసుపుగా, ఇంకోటి తెల్లగా కనిపిస్తుంది. మీ హాలు చుట్టుకొలత సుమారు 17 మీటర్లు. మీటరుకు 10 వాట్లనుకుంటే 170 వాట్లు. స్ట్రిప్‌కు తగ్గ కరెంటు ఇచ్చే పెట్టెలైన డ్రైవర్లు ఎప్పుడూ నిండా లోడుతో పనిచేయకూడదు, అందుకని 120 వాట్లవి రెండు పెట్టించండి. 12 వోల్టుల కన్నా 24 వోల్టులది మేలు. అయినా ప్రతి 5 మీటర్లకూ విడిగా వైరు ఇవ్వాలి, లేకపోతే చివర్లో వెలుగు తగ్గిపోతుంది. డ్రైవర్లను సీలింగ్ లోపల పెట్టి మూసేయనివ్వకండి. వాటికి గాలి తగలాలి, పాడైతే చేతికి అందాలి. వెలుగు తగ్గించి పెంచే డిమ్మర్ కావాలంటే అది డ్రైవర్‌కు సరిపోయేదేనా అని కొనేముందే అడగండి.

రంగుల విషయంలో నేను మీవారి పక్షమే అనబోయాను, కానీ అబ్బాయి కోరికా తీర్చొచ్చు. మామూలు ఆర్‌జీబీ స్ట్రిప్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు రంగులు కలిపి చేసే తెలుపు అంత బాగుండదు. తెలుపుకు వేరే చిప్ ఉన్న ఆర్‌జీబీడబ్ల్యూ తీసుకోండి. దానికి రంగులు మార్చే కంట్రోలర్ విడిగా కావాలి.

ట్యూబులైటు మాత్రం తీయకండి. కప్పుకు తగిలి వచ్చే వెలుగు కొంత తగ్గే వస్తుంది, చదువుకోవడానికి, సూదిలో దారం ఎక్కించడానికి చాలదు. రెంటికీ విడివిడి స్విచ్‌లు పెట్టించండి.