విండోస్ మళ్లీ వేసినా బ్లూ స్క్రీన్ పోవట్లేదు!

ప్రశ్న: భాగాలన్నీ విడిగా కొని ఇంట్లోనే పీసీ బిగించాను. రోజుకు మూడు నాలుగుసార్లు బ్లూ స్క్రీన్, ఒక్కోసారి బ్రౌజర్ తెరిచినా అంతే. విండోస్ రెండుసార్లు మళ్లీ వేశాను. టెన్షన్‌గా ఉందండీ.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: విండోస్‌ని ఇక వదిలేయండి. రెండుసార్లు వేసినా పోలేదంటే తప్పు హార్డ్‌వేర్‌లోనే ఉండొచ్చు, బ్రౌజర్‌కే పడిపోతోందంటే నా మొదటి అనుమానం ర్యామ్ మీదే. బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ని డబ్బా మీది వేగంతో నడిపే సెట్టింగ్, ఆన్‌లో ఉంటే ఆపేసి ఒకరోజు వాడి చూడండి, ఎందుకంటే డీడీఆర్4 ర్యామ్ డబ్బా మీద 3600 అని ఉన్నా 3200 దాటిన వేగమంతా ఓవర్‌క్లాకింగే (ప్రామాణిక వేగాన్ని మించి నడపడమే), అన్ని మదర్‌బోర్డులూ దాన్ని తట్టుకోవు. అప్పటికీ ఆగకపోతే పెన్‌డ్రైవ్‌లో మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రామ్ వేసి రాత్రంతా నడవనివ్వండి. పొద్దున్నే స్క్రీన్ మీద తప్పు దొరికిందని చెప్పే ఎర్ర గీత ఒక్కటి కనిపించినా సరే, అది లెక్కలోకి తీసుకోవాల్సిందే! అప్పుడు పవర్ తీసేసి, ఒక్కో ర్యామ్ స్టిక్కే పెట్టి పరీక్షించండి. క్లిప్పు టక్‌మని పడే దాకా నొక్కాలి, చాలామంది ఇక్కడే భయపడి సగంలో ఆపేస్తారు.

బ్లూ స్క్రీన్ లేకుండా గేమ్ మధ్యలో ఠక్కున ఆరిపోతుంటే మాత్రం పవర్ సప్లై, ప్రాసెసర్ వేడి చూడండి. కిట్‌గా (రెండు స్టిక్కులు ఒకే ప్యాక్‌లో) కొన్న ర్యామ్ అయితే వారంటీకి రెండు స్టిక్కులూ కలిపే పంపండి.